ఫ్యాన్ లేని వాటర్ కూలింగా, ఫ్యాన్ ఉన్నదా? గోదావరి డెల్టా ఉక్కలో కంప్యూటర్‌కు ఏది పెట్టుకోవాలి

రోహిణి కార్తెకు వారం ముందు భీమవరం నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే పని అతనిది. వైశాఖంలో ముహూర్తాలు వరసగా ఉంటే రాత్రీ పగలూ రెండరింగ్ నడుస్తూనే ఉంటుంది.

"బావా, నీళ్ల కూలింగ్ పెట్టించినా ఇది వేడెక్కిపోతోందేంటి? ఫ్యాన్ల హోరు భరించలేకపోతున్నాను. అసలు ఫ్యాన్లే లేని వాటర్ కూలింగ్ ఉంటుందంట కదా, అది పెట్టించేయనా? చప్పుడూ ఉండదు, దుమ్మూ పట్టదంటున్నారు."

"ముందు నీ గదిలో వేడెంతుందో చెప్పు."

"గదికీ దీనికీ ఏంటి సంబంధం? లోపల నీళ్లున్నాయిగా!"

చాలామంది ఇక్కడే పొరబడతారు. నీళ్లు వేడిని మాయం చేయవు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్తాయి. డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది సులువుగానే అర్థమవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువలు చేలకు నీళ్లు తెచ్చాయి. కానీ వానాకాలంలో చేను బతికేది కాలువ వల్ల కాదు, డ్రెయిను వల్ల. ఎనమదుర్రు డ్రెయిను ఎగదన్నితే చుట్టుపక్కల చేల గతేమిటో భీమవరంలో ఎవరినడిగినా చెబుతారు. కంప్యూటర్‌లో వాటర్ బ్లాకు (ప్రాసెసరు మీద కూర్చుని దాని వేడిని నీళ్లకు ఎక్కించే లోహపు దిమ్మ), గొట్టాలు, పంపు కలిసి కాలువ. నీళ్ల వేడిని గాలికి వదిలే రేకుల పెట్టె, అంటే రేడియేటర్, డ్రెయిను. ఆ డ్రెయిను చివర కలిసే సముద్రం మీ గదిలోని గాలి. సముద్రం పోటు మీద ఉంటే డ్రెయిను దిగదు. గది వేడెక్కినప్పుడు రేడియేటర్‌దీ అదే పరిస్థితి.

అందుకే ఫ్యాన్ ఉండాలా వద్దా అన్నది కంప్యూటర్‌ను చూసి కాదు, గదిని చూసి మొదలుపెట్టాల్సిన లెక్క. నేను ఆడియో రికార్డింగ్ పని చేస్తాను. అమలాపురం దగ్గర మా ఊళ్లో చిన్న గది ఉంది. నిశ్శబ్దం విలువ నాకు బాగా తెలుసు. ఫ్యాన్ లేని పద్ధతీ, ఉన్న పద్ధతీ రెండూ సొంతంగా నడిపి చూసినవాణ్ని కనుక, ఏ పని తర్వాత ఏది చేయాలో వరసగా చెబుతాను.

మొదటి పని: గది వేడి కొలవండి

మామూలు డిజిటల్ థర్మామీటరు, వీలైతే గాలిలో తేమ కూడా చూపించేది కొనండి. రేడియేటర్ ఎక్కడ పెడతారో ఆ ఎత్తులో, ఎండ పడని చోట పెట్టండి. మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి రాసుకోండి. రాత్రి లెక్క ఎందుకంటే, శ్లాబు ఇంట్లో పై అంతస్తు గది పగలంతా ఎండ తాగి రాత్రికి ఆ వేడిని కిందికి వదులుతుంది. బయట సముద్రపు గాలి తిరిగినా లోపల 34, 35 డిగ్రీల దగ్గరే నిలిచిపోతుంది. పాత పెంకుటిల్లు, మండువా లోగిలి ఈ విషయంలో చాలా మేలు.

ఇప్పుడు ఎండాకాలం కాకపోతే, చల్లటి కాలపు అంకెను నమ్మి సామాను కొనకండి. డిసెంబర్‌లో అద్భుతంగా నడిచిన ఫ్యాన్‌లెస్ కూలింగ్ మే నెలలో చేతులెత్తేయడం నేను స్వయంగా చూశాను. ఏసీ లేని గది అయితే మే మధ్యాహ్నానికి 36 నుంచి 38 డిగ్రీలు వేసుకోండి. ఏసీ ఉన్నా, కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ ఇన్వర్టర్ మీద నడుస్తుందా అని ఆలోచించండి. నడిచేటట్టయితే ఏసీ లేని అంకెనే తీసుకోండి, ఎందుకంటే ఇంటి ఇన్వర్టర్లు చాలావరకు ఏసీని లాగవు.

రెండో పని: వాట్లు కూడండి

కంప్యూటర్ తినే కరెంటంతా చివరికి వేడే అవుతుంది. నీళ్లతో చల్లబరచాల్సినవి సాధారణంగా రెండు, ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు. పెట్టె మీద రాసిన అంకెతో జాగ్రత్త. రైజెన్ 5 7600 మీద 65 వాట్లని ఉంటుంది, కానీ బరువు పని పడితే 88 వాట్ల దాకా లాగుతుంది. రైజెన్ 9 7950ఎక్స్ 170 అని ఉండి 230 దాకా వెళ్తుంది. ఇంటెల్ కోర్ ఐ9-13900కె గరిష్ఠం 253 వాట్లు. గ్రాఫిక్స్ కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 4060 కు 115, ఆర్‌టీఎక్స్ 4090 కు 450.

గరిష్ఠంతో పాటు, ఆ గరిష్ఠం ఎంతసేపు ఉంటుందన్నది కూడా చూడాలి. నా పనిలో ప్రాసెసరు రోజంతా 30, 40 వాట్ల దగ్గరే ఉంటుంది, ఎప్పుడో ఫైలు ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు రెండు నిమిషాలు పైకి లేస్తుంది. ఆ రెండు నిమిషాల వేడిని నీళ్లే మింగేస్తాయి. మా బావమరిది యంత్రం ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు కలిపి గంటల తరబడి 240 వాట్ల దగ్గర నిలబడుతుంది. అతనికి గరిష్ఠమే లెక్క.

మూడో పని: మిగిలిన డిగ్రీలు చూసుకోండి

ఈ భాగాన్ని నిదానంగా చదవండి. కొనుగోలు నిర్ణయమంతా దీని మీదే ఉంది.

లూపులో, అంటే బ్లాకు, గొట్టాలు, రేడియేటర్ కలిసిన చుట్టులో, తిరిగే నీళ్లు 45 డిగ్రీలు దాటకుండా చూసుకోవడం మంచి అలవాటు. చాలా పంపులకు, పంపు, గొట్టాలు, రేడియేటర్ కలిపి బిగించి అమ్మే రెడీమేడ్ ఏఐఓ కూలర్లకు 60 డిగ్రీలు హద్దు. గట్టి ప్లాస్టిక్ గొట్టాలు అంతకు ముందే మెత్తబడటం మొదలుపెట్టవచ్చు. కాబట్టి 45 దగ్గర గీత గీద్దాం. యూరప్‌లో 20 డిగ్రీల గదిలో కూర్చున్నవాడికి ఆ గీత దాకా 25 డిగ్రీల జాగా ఉంది. మన గది 36 అయితే మనకున్నది 9 డిగ్రీలే. 38 అయితే ఏడు.

ఫ్యాన్ లేకుండా వేడిని వదిలే పని రెండు దారుల్లో జరుగుతుంది. రేడియేటర్‌ను తాకిన గాలి వేడెక్కి తనంతట తాను పైకి లేస్తుంది. కొంత వేడి లోహపు ఉపరితలం నుంచి నేరుగా చుట్టూ ఉన్న గోడలకు ప్రసరిస్తుంది. రెండూ కలిపి, నిలువుగా నిలబెట్టిన, రంగు వేసిన లోహపు పలక ఒక చదరపు మీటరుకు, ఒక డిగ్రీ తేడాకు సుమారు 8 వాట్లు వదులుతుందని మోటుగా లెక్క వేసుకోవచ్చు. ఇంకో చిక్కుంది. గాలి పైకి లేవాలన్నా తేడా ఉండాలి. తేడా తగ్గేకొద్దీ గాలి కదలికా మందగిస్తుంది. కాబట్టి 25 డిగ్రీల తేడా 7కు పడిపోతే ఫ్యాన్‌లెస్ రేడియేటర్ శక్తి నాలుగో వంతుకు, కొన్నిసార్లు అంతకన్నా తక్కువకు దిగిపోతుంది. చల్లటి దేశాల వాళ్లు పెట్టిన వీడియోలు చూసి మనం మోసపోయేది ఇందుకే. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్ల గది వేరు.

మా బావమరిది 240 వాట్లకు ఈ లెక్క వేస్తే, 36 డిగ్రీల గదిలో 9 డిగ్రీల తేడాకు చదరపు మీటరుకు 72 వాట్లు. అంటే 3.3 చదరపు మీటర్లు కావాలి. మామూలు తలుపు రెండు వైపులా కలిపితే ఎంత వైశాల్యమో దాదాపు అంత. తలుపంత లోహపు పలకలో నీళ్లు తిప్పుతూ గది మధ్యలో నిలబెట్టాలన్నమాట. 20 డిగ్రీల గదిలో అదే పనికి 1.2 చదరపు మీటర్లు చాలు. ఐ9-13900కె, ఆర్‌టీఎక్స్ 4090 కలిసిన 700 వాట్ల యంత్రానికైతే మన దగ్గర మూడు తలుపులు.

దట్టమైన రేకులున్న మామూలు రేడియేటర్ తెచ్చి, "దీని రేకులన్నీ కలిపితే బోలెడు వైశాల్యం కదా, ఫ్యాన్ తీసేస్తే సరి" అనుకోకండి. ఆ సన్నటి సందుల్లోంచి గాలి తనంతట తాను లేవలేదు. ఒక రేకు వెదజల్లిన వేడి పక్క రేకు మీదే పడుతుంది. ఫ్యాన్ లేకుండా నడవాలంటే సందులు వెడల్పుగా, నిలువుగా ఉండాలి. 2000 తర్వాతి తొలి ఏళ్లలో పేరు తెచ్చుకున్న జల్మాన్ కంపెనీ ఫ్యాన్‌లెస్ కూలరు రెజరేటర్ నిలువెత్తు స్తంభంలా, చుట్టూ వెడల్పాటి రెక్కలతో ఉండటానికి కారణం అదే.

ఇప్పుడు ఫ్యాన్ లెక్క. 120 మి.మీ. ఫ్యాను పట్టే రేడియేటర్ భాగం ఒక్కొక్కటి, నిమిషానికి 1000 చుట్ల వేగం దగ్గర, ఒక డిగ్రీ తేడాకు సుమారు 7, 8 వాట్లు వదిలించుకుంటుంది. అరచేతి కన్నా కాస్త పెద్దదైన ఆ భాగం, నెమ్మదిగా వీచే గాలితో, చదరపు మీటరు పలక చేసే పని చేసేస్తోంది. 240 వాట్లను 9 డిగ్రీలతో భాగిస్తే డిగ్రీకి 27 వాట్లు కావాలి, అంటే నాలుగు భాగాలు. మా బావమరిది దగ్గరున్నది 240 మి.మీ. ఏఐఓ, రెండే భాగాలు. పైగా అది చల్లబరిచేది ప్రాసెసరును మాత్రమే. గ్రాఫిక్స్ కార్డు తన వేడిని అదే క్యాబినెట్‌లోకి ఊదుతుంటే ఆ వేడి గాలినే రేడియేటర్ పీలుస్తోంది. ఫ్యాన్లు హోరెత్తక ఏం చేస్తాయి?

నాలుగో పని: మీకు వినపడుతున్నదేంటో వినండి

రాత్రి కంప్యూటర్ ఆపేసి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని వినండి. నిజంగానే చేయండి ఈ పని.

డెల్టాలో ఎండాకాలం సీలింగ్ ఫ్యాను లేకుండా ఎవరమూ పని చేయం. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువుల ఏరియేటర్లు తెల్లవార్లూ తిరుగుతాయి. వానాకాలంలో కప్పలు. ఇన్ని చప్పుళ్ల మధ్య నిమిషానికి 600 చుట్లు తిరిగే 140 మి.మీ. ఫ్యాను మీటరు దూరంలో ఉంటే చెవికి ఆనదు. దాన్ని కూడా లేకుండా చేయడానికి వేలకు వేలు పోయడం అనవసరం. ఇంకోటి, సీలింగ్ ఫ్యాను కింద పెట్టిన ఫ్యాన్‌లెస్ రేడియేటర్ పూర్తి ఫ్యాన్‌లెస్ కానే కాదు, దానికి పైనుంచి గాలి తగులుతూనే ఉంటుంది. ఇది మనకు లాభమే. నా ఫ్యాన్‌లెస్ రేడియేటర్ సీలింగ్ ఫ్యాను తిరుగుతున్నప్పుడు ఒకలా, రికార్డింగ్ కోసం దాన్ని ఆపినప్పుడు ఒకలా ఉంటుంది. ఆపిన అరగంటకు నీళ్లు నాలుగు డిగ్రీలు పెరగడం చూశాను. అందుకే లెక్క ఎప్పుడూ సీలింగ్ ఫ్యాను ఆపేసే వేయండి.

ఫ్యాన్ లేదంటే చప్పుడే లేదని కాదు. పంపు ఉంటుంది. పంపు మోత ఫ్యాను గాలి చప్పుడులా కలిసిపోదు, సన్నగా ఒకే శ్రుతిలో మోగుతుంది కనుక చెవిని ఇంకా వేధిస్తుంది. పంపును క్యాబినెట్‌కు నేరుగా బిగించకుండా మెత్తటి రబ్బరు లేదా స్పాంజి మీద కూర్చోబెట్టండి, వేగం తగ్గించండి. నిమిషానికి రెండు లీటర్ల నీళ్లు తిరిగితే చాలు. ఆ ప్రవాహంలో 240 వాట్లు కలిసినా నీళ్లు ఒక చుట్టులో 1.7 డిగ్రీలే వేడెక్కుతాయి. పంపును ఇంకా గట్టిగా తోలినా ఒరిగేది చాలా తక్కువ. గ్రాఫిక్స్ కార్డు కాయిళ్ల నుంచి వచ్చే కీచు చప్పుడుకు ఏ కూలింగూ మందు కాదు.

ఐదో పని: నిర్ణయం

ఫ్యాన్‌లెస్ వాటర్ కూలింగ్ డెల్టాలో ఎవరికి పనికొస్తుందంటే, సగటున 50 వాట్లు దాటని పని, సీలింగ్ ఫ్యాను కూడా ఆపేసి కూర్చునే అవసరం, గది 32 దాటకుండా ఉంచుకునే వీలు ఈ మూడూ ఉన్నవాళ్లకు. గొంతు రికార్డు చేసేవాళ్లు, సంగీతం పనివాళ్లు ఈ కోవలోకి వస్తారు. వాళ్లకూ నేను ముందు చెప్పేది వేరే. గోడకు చిన్న కన్నం పెట్టి, కంప్యూటర్‌ను పక్క గదిలో పెట్టి, పొడవాటి కేబుళ్లు లాగితే పదో వంతు ఖర్చుతో అంతకన్నా మంచి నిశ్శబ్దం దొరుకుతుంది. అద్దె ఇల్లు, కన్నం పెట్టనివ్వరు అన్నప్పుడే మిగతా దారులు ఆలోచించండి.

65 వాట్ల ప్రాసెసరు, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ఇంటి కంప్యూటర్‌కు అసలు నీళ్లే అక్కర్లేదు. పెద్ద ఎయిర్ కూలరు, దానికి నెమ్మదిగా తిరిగే ఒక మంచి ఫ్యాను పెట్టుకోండి. కారదు, తుప్పు పట్టదు, పదేళ్లు పడి ఉంటుంది.

మిగిలిన వాళ్లందరికీ, అంటే 150 వాట్లు దాటి గంటల తరబడి నడిపేవాళ్లకు, నా సలహా పట్టినంత పెద్ద రేడియేటర్, కుదిరినంత నెమ్మది ఫ్యాన్లు. ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది, కానీ వేడి వదిలే శక్తి సగం కన్నా కాస్త ఎక్కువే మిగులుతుంది. పోయినదాన్ని రేడియేటర్ సైజు పెంచి పూడ్చుకోవాలి. ఫ్యాన్ల సంఖ్య రెట్టింపైతే చప్పుడు మూడు డెసిబెల్సే పెరుగుతుంది. కాబట్టి గట్టిగా తిరిగే రెండు ఫ్యాన్ల కన్నా నెమ్మదిగా తిరిగే ఆరు ఎంతో నయం. క్యాబినెట్‌లో పట్టకపోతే బయట పెట్టుకునే పెద్ద రేడియేటర్లు ఉన్నాయి. వాటర్‌కూల్ అనే కంపెనీ వాళ్ల మో-రా3 లాంటి వాటికి తొమ్మిది ఫ్యాన్లు పడతాయి. బల్ల పక్కన నేల మీద కాకుండా అడుగు ఎత్తున స్టాండు మీద పెట్టండి. లంక గ్రామాల వాళ్లకు, గోదావరికి నీళ్లొచ్చే చోట్ల ఉన్నవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఫ్యాన్ దారి పట్టినవాళ్లకు: వేగం దేన్ని చూసి మారాలి?

ఇక్కడ చాలామంది దెబ్బ తింటారు. మదర్‌బోర్డు మామూలుగా ప్రాసెసరు వేడిని చూసి ఫ్యాన్లను తిప్పుతుంది. ప్రాసెసరు వేడి క్షణంలో 20 డిగ్రీలు పెరిగి క్షణంలో పడిపోతుంది. ఫ్యాన్లు కూడా దానితో పాటు ఉయ్యాలలా ఊగుతూ మోగుతాయి. నీళ్లు అలా మారవు, నిదానంగా ఎక్కి నిదానంగా దిగుతాయి. కాబట్టి లూపులో నీళ్ల వేడి కొలిచే సెన్సరు పెట్టి, ఫ్యాన్లను దానికి కట్టండి.

మన దగ్గర ఇంకో మెట్టు ఎక్కాలి. నీళ్లు 35 దాటగానే ఫ్యాన్లు తిరగాలని పెట్టారనుకోండి, మే నెలలో కంప్యూటర్ ఖాళీగా ఉన్నా అవి ఆగవు. గది గాలికి ఇంకో సెన్సరు పెట్టి, నీళ్లకూ గాలికీ మధ్య తేడాను చూసి తిరిగేలా చేయండి. తేడా 4 డిగ్రీల లోపుంటే ఫ్యాన్లు ఆగిపోవచ్చు. 4 నుంచి 8 మధ్య 500 చుట్లు. 8 దాటితే 900. నీళ్లు 45 తాకితే ఏ షరతూ లేకుండా పూర్తి వేగం. ఇలా పెట్టుకుంటే ఉత్తరాలు, లెక్కలు రాసుకునేంత సేపు మీ కంప్యూటర్ ఫ్యాన్‌లెస్‌గానే ఉంటుంది, బరువు పని పడ్డప్పుడే ఫ్యాన్లు లేస్తాయి. నన్నడిగితే ఈ రెండు పద్ధతుల పోటీకి అసలు పరిష్కారం ఇదే. బావమరిదికీ చివరికి ఇదే పెట్టించాను.

ఏఐఓ వాడేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. పంపు ఉన్న భాగం లూపులో అన్నిటికన్నా ఎత్తున ఉండకూడదు. గాలి బుడగ అక్కడికి చేరితే పంపు గరగరలాడి త్వరగా పోతుంది.

ఫ్యాన్‌లెస్ దారి పట్టినవాళ్లకు: నాకు జరిగింది

నా మొదటి ఫ్యాన్‌లెస్ సెట్టుకు పంపు విడిగా గోడ ప్లగ్గుకు పెట్టే రకం. కంప్యూటర్ మాత్రం యూపీఎస్ మీద ఉంది. ఒక సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. యూపీఎస్ పుణ్యాన కంప్యూటర్ నడుస్తూనే ఉంది, పంపు ఆగిపోయింది. రికార్డింగ్ మధ్యలో ఉన్నాను కనుక నాకు తెలియలేదు. ప్రాసెసరు తన హద్దుకు చేరి వేగం తగ్గించుకుని, చివరికి యంత్రమే ఆగిపోయింది. ఇప్పటి ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల దగ్గర తమను తాము కాపాడుకుంటాయి కాబట్టి కాలిపోలేదు, కానీ రెండు గంటల పని పోయింది. పంపు, కంప్యూటర్ ఒకే కరెంటు మీద ఉండాలి. వీలైతే పంపును కంప్యూటర్ ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు పంచే పెట్టె) నుంచే నడపండి. పంపు వేగం సున్నా అయితే యంత్రం ఆగిపోయేలా బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) పెట్టండి.

రెండో సంగతి. ఫ్యాన్లు లేకపోతే ప్రాసెసరు ఒక్కటే కాదు, మదర్‌బోర్డు మీద కరెంటు సర్దే వీఆర్ఎం భాగాలు, ర్యామ్, ఎస్ఎస్‌డీ కూడా గాలికి మొహం వాచిపోతాయి. వాటి నుంచి నీళ్లు వేడిని తీయడం లేదు. మూసి ఉన్న క్యాబినెట్‌లో అవి ఉడుకుతాయి. పైనా కిందా జాలీ ఉన్న క్యాబినెట్ తీసుకోండి, ఎస్ఎస్‌డీకి లోహపు కవచం పెట్టండి, ఎస్ఎంపీఎస్‌కు అవసరానికి రెట్టింపు శక్తి ఉన్నది కొనండి. జాలీ మాత్రం సన్నటిది ఉండాలి. బల్లులు, వాన మొదలయ్యాక దీపానికి వచ్చే ఉసిళ్లు లోపలికి దూరడం మన ఇళ్లలో మామూలే.

రేడియేటర్ గోడకు ఆనించకండి, కింద అడుగు జాగా, పైన మూడడుగులు ఖాళీ వదలండి. గాలి కిందనుంచి వచ్చి పైకి పోవాలి కాబట్టి దాని మీద గుడ్డ, పుస్తకం ఏదీ పెట్టకూడదు.

దుమ్ము విషయంలో మాత్రం ఫ్యాన్‌లెస్‌దే పైచేయి. కోనసీమలో కొబ్బరి పీచు దుమ్ము, రైసు మిల్లుల దగ్గర ఊక బూడిద దట్టమైన రేకుల్లో పేరుకుపోయి గాలిని ఆపేస్తాయి. ఫ్యాన్లు పెట్టుకున్నవాళ్లు కడిగే వీలున్న ఫిల్టరు వేసుకుని నెలకోసారి కడగండి. భోగికి ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి, రోహిణి కార్తె ముందు ఒకసారి రేడియేటర్‌ను బయటికి తీసి బ్లోయరుతో ఊదండి.

గాబులో గొట్టం వేస్తే?

ఇది చాలామంది అడుగుతారు, అడగాల్సిన ప్రశ్నే. ఇంటి వెనక సిమెంటు గాబులో 200 లీటర్ల నీళ్లుంటే, 100 వాట్లు ఎనిమిది గంటల పాటు అందులో పోసినా నీళ్లు మూడున్నర డిగ్రీలే వేడెక్కుతాయి, రాత్రికి మళ్లీ చల్లబడతాయి. రాగి గొట్టపు చుట్టను గాబులో ముంచి, కంప్యూటర్ నీళ్లను దానిలోంచి తిప్పితే ఫ్యాను అక్కర్లేదు. పద్ధతి మంచిదే. కానీ గాబు నీడలో ఉండాలి, దోమలు పెరగకుండా మూత ఉండాలి, గాబు నీళ్లు కంప్యూటర్ నీళ్లతో కలవకూడదు, పొడవాటి గొట్టాలకు బలమైన పంపు కావాలి.

బావి నీళ్లో ఐసో వేసి ఇంకా చల్లబరుద్దాం అనుకుంటే మాత్రం ఆగండి. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు బయట చెమట పట్టినట్టే, గాలి కన్నా బాగా చల్లటి గొట్టం మీద తేమ దిగుతుంది. గది 32 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే 28 డిగ్రీల దగ్గరే నీటి చుక్కలు మొదలవుతాయి. ఆ చుక్క మదర్‌బోర్డు మీద పడితే అంతే సంగతులు. రేడియేటర్‌తో చల్లబడే నీళ్లు ఎప్పుడూ గది గాలి కన్నా చల్లబడవు కనుక, ఫ్యాన్ ఉన్నా లేకున్నా మామూలు లూపుకు ఈ భయం లేదు. ఈ తేమ వల్లే, నీటిని ఆవిరి చేసి చల్లబరిచే కూలర్లు కూడా మన తీరంలో సరిగా పనిచేయవు.

లోపల పోసే నీళ్లు, లోహాలు

బోరు నీళ్లు వద్దు. తీరం వైపు భూగర్భ జలాల్లో ఉప్పు ఎంతుందో మనకు తెలుసు. క్యాన్ల నీళ్లు, మరిగించిన నీళ్లు కూడా పనికిరావు, ఖనిజాలు వాటిలో అలాగే ఉంటాయి. పీసీ కోసం అమ్మే రెడీమేడ్ కూలెంట్ కొనండి. లేదా డిస్టిల్డ్ వాటర్ తెచ్చి, తుప్పు, నాచు పట్టకుండా ఆపే మందు కంపెనీ చెప్పిన కొలతలో కలపండి.

రాగి బ్లాకుతో అల్యూమినియం రేడియేటర్ కలిపితే నీళ్ల ద్వారా రెండింటి మధ్య రసాయన చర్య జరిగి అల్యూమినియం తినేసుకుపోతుంది. ఫ్యాన్‌లెస్ స్తంభాలు చాలావరకు అల్యూమినియంవే కనుక వాటిని వాడేవాళ్లకు ఈ జాగ్రత్త రెట్టింపు. తుప్పు ఆపే మందు లేకుండా ఒక్కరోజు కూడా నడపకండి. సొంతంగా లూపు కట్టేవాళ్లు రాగి, ఇత్తడి రేడియేటర్లకే కట్టుబడండి. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో బయటి ఉప్పు గాలి కూడా రేకులను కొరుకుతుంది. ఏసీ బయటి యూనిట్లు ఎంత త్వరగా పాడవుతాయో చూస్తే మీకే తెలుస్తుంది. అక్కడ రేడియేటర్‌ను వరండాలో పెట్టకుండా గది లోపలే ఉంచండి.

చివరి పని: కారుతుందేమో చూసి, ఎండలో పరీక్షించడం

నీళ్లు పోశాక కంప్యూటర్‌కు కరెంటు ఇవ్వకుండా పంపును మాత్రమే నడపాలి. ఎస్ఎంపీఎస్ 24 పిన్నుల కేబులుకు జంపర్ పెట్టి, మదర్‌బోర్డు నుంచి మిగతా వైర్లన్నీ తీసేసి, ప్రతి ఫిట్టింగు కింద టిష్యూ కాగితం పరచండి. ఒక రోజంతా తిరగనివ్వండి. తొందరపడకండి. మా బావమరిది సెట్టులో పద్నాలుగో గంటకు ఒక ఫిట్టింగు దగ్గర కాగితం తడిసింది. ఫిట్టింగు లోపలి రబ్బరు రింగు మెలిపడింది, అంతే. అప్పుడు చూశాం కనుక సరిపోయింది.

కాగితాలన్నీ పొడిగా ఉంటే కంప్యూటర్ ఆన్ చేసి, సీలింగ్ ఫ్యాను ఆపి, మీరు రోజూ చేసే బరువైన పనినే రెండు గంటలు నడపండి. పది నిమిషాల పరీక్షకు విలువ లేదు, నీళ్లు నిలకడకు రావడానికే అరగంట పైన పడుతుంది. ప్రతి పదిహేను నిమిషాలకు గది వేడి, నీళ్ల వేడి పక్కపక్కన రాయండి. మూడుసార్లు వరసగా తేడా మారకపోతే అదే మీ లూపు అసలు సామర్థ్యం. చలికాలంలో పరీక్షించినా ఫర్వాలేదు. ఫ్యాన్లు పెట్టిన లూపుకు వచ్చిన తేడాను 38కి కలిపితే మే నెల అంకె దాదాపుగా తెలిసిపోతుంది. ఫ్యాన్‌లెస్ అయితే ఇంకో రెండు డిగ్రీలు అదనంగా వేసుకోండి.

ఆ మొత్తం 45 దాటితే రేడియేటర్ చాలలేదన్నమాట. ఇంకోటి కొనే ముందు బయోస్‌లో ప్రాసెసరు వాట్లకు హద్దు పెట్టి చూడండి. రైజెన్‌లో ఎకో మోడ్, ఇంటెల్‌లో పవర్ లిమిట్ అని ఉంటాయి. భీమవరం యంత్రానికి ప్రాసెసరును 125 నుంచి 90 వాట్లకు దించితే ఒక్కో పెళ్లి వీడియోకు రెండర్ సమయం ఐదారు నిమిషాలు పెరిగింది, నీళ్లు 47 నుంచి 44కు దిగాయి. ఇప్పుడు మే నెలలో 90, జూలై నుంచి 125 పెట్టుకుంటున్నాడు.